పరీక్షలన్నీ పాసయ్యాయా, కొన్నే నడిచాయా? కమాండ్ లైన్ టెస్టింగ్‌లో తప్పక చూడాల్సిన లెక్క

2024 జూలై 19న ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా ఆగినవి దాదాపు 85 లక్షలు. మన దేశంలో విమానాశ్రయాల చెక్-ఇన్ వ్యవస్థలు మొరాయించాయి. హైదరాబాద్ సహా కొన్నిచోట్ల ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. దీనికి కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్.

ఆ సంస్థ తర్వాత మూలకారణ నివేదిక విడుదల చేసింది. కొత్త టెంప్లేట్ తనకు 21 విలువలు వస్తాయని ఎదురుచూసేది. సెన్సార్ ప్రోగ్రాం మాత్రం 20 మాత్రమే అందించేది. ఈ తేడా పరీక్షల్లో దొరకలేదు. ఎందుకంటే ఆ పరీక్షల్లో 21వ స్థానంలో ‘ఏదైనా సరే’ అనే గుర్తే ఉంది. పరీక్షలు నడిచాయి, పాసయ్యాయి. నడవాల్సిన పరీక్ష మాత్రం జాబితాలోనే లేదు.

‘పాస్’ అనే మాట నడిచిన పరీక్షల గురించే చెబుతుంది. నడవని వాటి గురించి ఏమీ చెప్పదు. సాఫ్ట్‌వేర్ రాసేవారికి, పరీక్షించేవారికి ఈ చిక్కు రోజూ చిన్న స్థాయిలో ఎదురవుతుంది. కమాండ్ లైన్ నుంచి పరీక్షలు నడిపేటప్పుడు అన్నీ కాకుండా కొన్నింటినే ఎంచుకోవడం అక్కడ నిత్యకృత్యం. ఆ ఎంపిక ఎలా జరుగుతుంది, ఎక్కడ మోసపోతాం అన్నదే ఈ వివరణ. ఇందులో ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు వాడాల్సింది ఇంగ్లిష్ అక్షరాలే.

ఆటోమేటెడ్ టెస్ట్ అంటే ఏమిటి?

ఒక ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి రాసే మరో చిన్న ప్రోగ్రామే ఆటోమేటెడ్ టెస్ట్. బస్సు టికెట్లు అమ్మే వెబ్‌సైట్ ఒకటి ఉందనుకుందాం. 500 రూపాయల టికెట్‌ను ప్రయాణానికి ముందురోజు రద్దు చేస్తే 450 తిరిగి రావాలన్నది నిబంధన. టెస్ట్ ఆ లెక్క చేసే ఫంక్షన్‌ను పిలుస్తుంది. 450 వస్తే పాస్, మరేది వచ్చినా ఫెయిల్. లాగిన్, సీటు ఎంపిక, చార్జీ లెక్క, చెల్లింపు, రద్దు... ఇలా ప్రతి పనికీ కొన్ని పరీక్షలు చేరుతూ పోతే ఏడాది తిరిగేసరికి అవి వెయ్యి దాటుతాయి.

ఇలాంటి పరీక్షలు రాసే నేటి పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది జేయూనిట్. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళ్తూ దాని తొలి రూపం రాశారు. బెక్ అంతకుముందే స్మాల్‌టాక్ భాష కోసం ఇలాంటిది తయారుచేశారు. అదే నమూనాతో తర్వాత దాదాపు ప్రతి భాషకూ ఒక పరికరం వచ్చింది. పైథాన్‌లో పైటెస్ట్, జావాస్క్రిప్ట్‌లో జెస్ట్, సీ ప్లస్ ప్లస్‌లో గూగుల్ టెస్ట్ అలాంటివే. గో, రస్ట్ భాషలకు టెస్ట్ కమాండ్ వాటి సొంత పనిముట్లలోనే ఉంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సెలీనియం నేర్చుకున్నవారికి టెస్ట్‌ఎన్‌జీ, మేవెన్ పేర్లు పరిచయమే.

మౌస్ ఉండగా కమాండ్ ఎందుకు?

ఎడిటర్‌లో ఒక బటన్ నొక్కినా పరీక్షలు నడుస్తాయి. కానీ ఆ నొక్కు ఒక మనిషి కంప్యూటర్‌కే పరిమితం. కమాండ్ అలా కాదు. దాన్ని కాగితం మీద రాసివ్వొచ్చు, సహోద్యోగికి పంపొచ్చు, స్క్రిప్టులో పెట్టొచ్చు. కోడ్ మారిన ప్రతిసారీ సర్వర్ మీద దానంతటదే నడిచేలా జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి వ్యవస్థలకు అప్పగించొచ్చు. అక్కడ తెర చూసే మనిషి ఉండడు. కమాండ్ ముగిశాక వచ్చే ఒక చిన్న అంకె మీదే నిర్ణయం ఆధారపడుతుంది. దాని పేరు ఎగ్జిట్ కోడ్. సున్నా అయితే అంతా బాగుందని, మరే అంకె అయినా తేడా ఉందని అర్థం. ఈ అంకె గురించి ముందుముందు మళ్లీ చెప్పుకోవాలి. అసలు మోసం జరిగేది అక్కడే.

ఎంపిక చేసే నాలుగు దారులు

మొత్తం పరీక్షలకు 40 నిమిషాలు పడుతుందనుకుందాం. రద్దు లెక్కలో ఒక్క వరుస మార్చి ఫలితం కోసం 40 నిమిషాలు కూర్చోవడం ఎవరివల్లా కాదు. అందుకే అవసరమైనవే నడుపుతారు. దీనికి దారులు ప్రధానంగా నాలుగు.

మొదటిది చిరునామా. ఫైల్ పేరు, అందులో క్లాస్, అందులో టెస్ట్ అని వరుసగా చెప్పడం. పైటెస్ట్‌లో వీటి మధ్య రెండేసి కోలన్లు పెడతారు. మేవెన్‌లో ‘-డీటెస్ట్=’ అని రాసి క్లాస్ పేరు, హ్యాష్ గుర్తు, మెథడ్ పేరు ఇస్తారు. ఇది అన్నిటికంటే కచ్చితమైన పద్ధతి. ఫలానా ఇంటి తలుపే తట్టినట్టు.

రెండోది పేరులో ముక్క. ‘పైటెస్ట్ -కె రీఫండ్’ అంటే పేరులో ఎక్కడైనా రీఫండ్ అని ఉన్నవన్నీ నడుస్తాయి. ‘రీఫండ్ అండ్ నాట్ వాలెట్’ అని కూడా అడగొచ్చు. రస్ట్‌లో ‘కార్గో టెస్ట్’ తర్వాత రాసే మాటా ఇలాగే పేరులో ముక్కను వెతుకుతుంది. గో భాషలో ‘గో టెస్ట్ -రన్’ తర్వాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇవ్వాలి. డాట్‌నెట్‌లో ‘--ఫిల్టర్’, గ్రాడిల్‌లో ‘--టెస్ట్స్’, గూగుల్ టెస్ట్‌లో ‘--జీటెస్ట్_ఫిల్టర్’ ఇదే పని చేస్తాయి.

మూడోది ముద్ర. పరీక్ష రాసేటప్పుడే దానిమీద స్మోక్, స్లో, పేమెంట్ వంటి గుర్తు వేస్తారు. పైటెస్ట్‌లో దీన్ని మార్కర్ అని, జేయూనిట్ 5లో ట్యాగ్ అని, టెస్ట్‌ఎన్‌జీలో గ్రూప్ అని పిలుస్తారు. ‘పైటెస్ట్ -ఎం "నాట్ స్లో"’ అంటే నిదానంగా నడిచేవి వదిలేసి మిగతావి నడుపు అని అర్థం.

నాలుగోది చరిత్ర. పైటెస్ట్ ప్రతిసారీ ఏవి ఫెయిలయ్యాయో ఒక ఫోల్డర్‌లో రాసుకుంటుంది. తర్వాత ‘--ఎల్‌ఎఫ్’ అంటే అవి మాత్రమే నడుస్తాయి. ‘--ఎఫ్‌ఎఫ్’ అంటే అవి ముందు, మిగతావి తర్వాత. జెస్ట్‌లో ‘--ఓన్లీచేంజ్డ్’ అంటే గిట్ లెక్క ప్రకారం మారిన ఫైళ్లకు సంబంధించిన పరీక్షలే నడుస్తాయి.

బియ్యంలో రాళ్లు ఏరి పారేస్తాం. ఇక్కడ పక్కన పెట్టినవి రాళ్లు కావు, అవీ బియ్యమే. ఈ తేడా మరిచిపోతేనే చిక్కు.

పేరు నమ్మితే ఎంతవరకు?

పేరులో ముక్క వెతికే పద్ధతి చాలా సులువు, అందుకే అందరూ వాడేది అదే. కానీ ఆ వెతుకులాటకు అర్థం తెలియదు, అక్షరాలే తెలుసు. రీఫండ్ అని అడిగితే ‘నాన్‌రీఫండబుల్’ పరీక్షలూ వస్తాయి. అవి అదనంగా వచ్చినా నష్టం లేదు. రెండేళ్ల క్రితం మరొకరు ‘మనీబ్యాక్’ అని పేరుపెట్టిన పరీక్ష మాత్రం రాదు. అది కూడా డబ్బు తిరిగి ఇచ్చే లెక్కనే చూస్తుంది. రానిది కంటికి కనిపించదు కాబట్టి ఈ రెండో తప్పే ప్రమాదకరం.

ముద్రలతోనూ ఇదే సమస్య. స్మోక్ అని రాయబోయి ఒక అక్షరం అటూఇటూ చేస్తే పైటెస్ట్ మామూలుగా ఒక హెచ్చరిక చూపి ముందుకు సాగుతుంది. ఆ పరీక్ష స్మోక్ జాబితాలో ఇక ఎప్పుడూ నడవదు. ‘--స్ట్రిక్ట్-మార్కర్స్’ అని పెడితే ముందుగా నమోదు చేయని ముద్ర కనిపించగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఏ కొత్త ప్రాజెక్టులోనైనా మొదటిరోజే పెట్టుకోవాల్సిన సెట్టింగ్ ఇది.

కొటేషన్ గుర్తులది మరో తంటా. ‘-కె’ తర్వాత లాగిన్ ఆర్ రీఫండ్ అని కొటేషన్లు లేకుండా రాస్తే షెల్ దాన్ని మూడు ముక్కలు చేస్తుంది. మొదటి మాటే వడపోతకు వెళ్తుంది. ‘ఆర్’ అనేది ఏదో ఫైల్ పేరనుకొని పైటెస్ట్ వెతికి, దొరకలేదని చెబుతుంది. నిలువు గీత రాస్తే షెల్ దాన్ని పైప్ అనుకుంటుంది. లినక్స్‌లో చక్కగా నడిచిన ఒంటి కొటేషన్లు విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేయవు. అందుకే బృందంలో పంచుకునే ఆదేశాల్లో జంట కొటేషన్లు వాడటం మేలు.

సున్నా పరీక్షలు నడిస్తే పాసా, ఫెయిలా?

వడపోతలో అక్షరదోషం ఉండి ఒక్క పరీక్ష కూడా ఎంపిక కాలేదనుకుందాం. ఫెయిలైనవి సున్నా. మరి దీన్ని ఏమనాలి? ఈ ప్రశ్నకు పరికరాలన్నీ ఒకే జవాబు ఇవ్వవు.

పైటెస్ట్ దీన్ని విడిగా గుర్తిస్తుంది. దాని ఎగ్జిట్ కోడ్‌ల అర్థాలు ఇవి: 0 అంటే అన్నీ పాస్. 1 అంటే కొన్ని ఫెయిల్. 2 అంటే మధ్యలో ఆపేశారు. 3 అంటే పైటెస్ట్‌లోనే లోపం. 4 అంటే ఆదేశం తప్పుగా రాశారు. 5 అంటే నడపడానికి ఒక్క పరీక్షా దొరకలేదు. సున్నా కాని అంకె కాబట్టి సర్వర్ అక్కడ ఆగుతుంది.

గ్రాడిల్ కూడా ‘--టెస్ట్స్’తో ఇచ్చిన పేరుకు సరిపోయే పరీక్ష లేకపోతే బిల్డ్‌ను ఫెయిల్ చేస్తుంది. మేవెన్ కూడా ‘-డీటెస్ట్’లో చెప్పిన పరీక్ష కనిపించకపోతే మామూలుగా అంతే చేస్తుంది. అయితే ఒక ప్రాజెక్టులో పది మాడ్యూళ్లు ఉండి, ఆ పరీక్ష ఒక్కదానిలోనే ఉంటే మిగతా తొమ్మిదీ గొడవ చేస్తాయి. దాంతో చాలామంది ఆ కాపలాను ఆఫ్ చేసే సెట్టింగ్ పెట్టేసి, తర్వాత దాన్ని మరిచిపోతారు.

గో దారి వేరు. ‘-రన్’ తర్వాత ఇచ్చిన పేరుకు ఏదీ సరిపోకపోతే, నడపడానికి పరీక్షలు లేవని ఒక వాక్యం చూపుతుంది. పక్కనే ‘ఓకే’ అని రాస్తుంది. ఎగ్జిట్ కోడ్ సున్నా. రస్ట్ కూడా పాసైనట్టే చెబుతుంది కానీ చివరి వరుసలో ఒక మంచి పని చేస్తుంది. ఎన్ని పాసయ్యాయి, ఎన్ని ఫెయిలయ్యాయి అన్న అంకెలతోపాటు వడపోతలో ఎన్ని పక్కకు పోయాయో కూడా చూపిస్తుంది. ఆ వరుసలో పాసైనవి 0, పక్కకు పోయినవి 300 అని కనిపిస్తే చూసేవారికి వెంటనే అనుమానం వస్తుంది. అయితే అది మనిషి చూస్తేనే. సర్వర్‌కు కనిపించేది సున్నా మాత్రమే.

ఈ చిక్కును చాలా ముందే పట్టుకున్నది పెర్ల్ భాష. 1987లో వచ్చిన తొలి పెర్ల్‌తోనే పుట్టిన పరీక్షా ఫలితాల పద్ధతి తర్వాత ‘ట్యాప్’ పేరుతో స్థిరపడింది. అందులో పరీక్షల ఫైల్ ముందుగా ఒక ప్రణాళిక ప్రకటిస్తుంది: ఒకటి నుంచి ఇన్ని వరకు నడుపుతున్నాను అని. 20 అని చెప్పి 17 దగ్గర ఆగిపోతే, ఆ 17 పాసైనా మొత్తం ఫెయిలే. ఎన్ని బాగున్నాయన్నదే కాదు, ఎన్ని రావాలి అన్న లెక్క కూడా ఉండాలన్న ఆలోచన అది. ఇప్పటికీ ఆ ఆలోచనకు కాలం చెల్లలేదు.

పైప్‌లో పోయే ఫలితం, పాత ఫలితం

ఎగ్జిట్ కోడ్ సరిగ్గా వచ్చినా అది సర్వర్‌కు చేరకపోవచ్చు. పరీక్షల అవుట్‌పుట్‌ను తెర మీద చూస్తూనే ఫైల్‌లో దాచుకోవడానికి చాలామంది ‘పైటెస్ట్’ తర్వాత పైప్ పెట్టి ‘టీ’ అనే కమాండ్‌కు పంపుతారు. బ్యాష్‌లో పైప్ ఉన్నప్పుడు మామూలుగా లెక్కలోకి వచ్చేది చివరి కమాండ్ ఎగ్జిట్ కోడే. ‘టీ’ తన పని తాను సక్రమంగా చేసింది కాబట్టి సున్నా వస్తుంది. వెనక వంద పరీక్షలు ఫెయిలైనా సర్వర్ మీద పచ్చగుర్తే. దీనికి విరుగుడు స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ అని రాయడం. అప్పుడు పైప్‌లో ఏ ఒక్క కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ కిందే లెక్క.

ఇంకొన్నిసార్లు పరీక్ష అసలు నడవదు, పాత ఫలితాన్నే చూపిస్తుంది. గో కొన్ని సందర్భాల్లో కోడ్ మారలేదని గమనించి, ముందటి ఫలితం పక్కన ‘క్యాష్డ్’ అని రాసి ఇచ్చేస్తుంది. గ్రాడిల్ కూడా ఇన్‌పుట్ మారకపోతే పరీక్షల అంకాన్ని దాటేస్తుంది. సమయం కలిసొచ్చే మంచి ఏర్పాటే ఇది. కానీ పరీక్ష బయటి డేటాబేస్ మీదో, మరో సర్వర్ మీదో ఆధారపడితే పాత ఫలితం నేటి పరిస్థితి చెప్పదు. గోలో ‘-కౌంట్=1’ అని రాస్తే క్యాష్ పక్కనపెట్టి మళ్లీ నడుపుతుంది. గ్రాడిల్‌లో ‘--రీరన్-టాస్క్స్’ ఉంది.

ఒంటరిగా పాస్, గుంపులో ఫెయిల్

వడపోతకు ఒక ఉపకారగుణం కూడా ఉంది. కొన్ని పరీక్షలు అన్నిటితో కలిసి నడిస్తే పాసవుతాయి, ఒంటరిగా నడిపితే ఫెయిలవుతాయి. అంటే ముందు నడిచిన మరో పరీక్ష సృష్టించిన డేటాను ఇది వాడుకుంటోందన్నమాట. దీనికి తిరగబడ్డ రకమూ ఉంటుంది. ఒంటరిగా పాసై, గుంపులో ఫెయిలయ్యేది. ముందటి పరీక్ష వదిలేసిన చెత్త దీన్ని పాడుచేస్తోందని అర్థం. పరీక్షలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదన్న నియమం ఎక్కడ తప్పిందో ఇలా తెలుస్తుంది. గోలో ‘-షఫుల్=ఆన్’ అని రాసి పరీక్షల వరుసనే కలగాపులగం చేయవచ్చు. గూగుల్ టెస్ట్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఒకసారి పాసై, ఏ మార్పూ లేకుండానే మరోసారి ఫెయిలయ్యే నిలకడలేని పరీక్షలు మరో తలనొప్పి. తమ సంస్థలో పరీక్షలు నడిచిన ప్రతి వందసార్లలో దాదాపు 1.5 సార్లు ఇలాంటి ఫలితం వస్తోందని, దాదాపు 16 శాతం పరీక్షల్లో ఎంతోకొంత ఈ గుణం ఉందని గూగుల్ ఇంజినీర్లు 2016లో వెల్లడించారు. ఇలాంటివాటిని ముద్రవేసి పక్కన పెట్టడం ఆనవాయితీ. అందులో తప్పులేదు. అయితే ఎవరు, ఎందుకు, ఎప్పటివరకు పక్కన పెట్టారో రాసుకోకపోతే ఆ తాత్కాలిక ఏర్పాటే శాశ్వతమవుతుంది. పక్కన పెట్టిన పరీక్ష చెల్లింపులకు సంబంధించినదైతే, ఆ రోజు నుంచి చెల్లింపులకు కాపలా లేనట్టే.

ఎక్కడ ఎంత వడపోయాలి?

ఎవరికి వారు తమ కంప్యూటర్‌లో పనిచేసుకునేటప్పుడు ఎంత వడపోసినా ఫర్వాలేదు. ‘పైటెస్ట్ --ఎల్‌ఎఫ్ -ఎక్స్’ అని రాస్తే క్రితంసారి ఫెయిలైనవే నడిచి, మొదటి ఫెయిల్ దగ్గరే ఆగుతుంది. తప్పు సరిదిద్దుకుంటూ పోవడానికి ఇంతకంటే వేగమైన దారి లేదు. కోడ్‌ను బృందంతో కలపడానికి ముందు, తాకిన భాగానికి సంబంధించిన పరీక్షలన్నీ నడపాలి. వినియోగదారుల చేతికి వెళ్లేముందు మాత్రం వడపోత లేకుండా మొత్తం నడవాల్సిందే.

మొత్తం నడపడానికి సమయం చాలకపోతే పరీక్షలు తగ్గించడం కంటే పని పంచడం మంచిది. పైటెస్ట్‌కు ఎక్స్‌డిస్ట్ అనే ప్లగిన్ జోడిస్తే ‘-ఎన్ 4’ అని చెప్పి నాలుగు ప్రాసెస్‌లకు పంచవచ్చు. ‘--డ్యూరేషన్స్=10’ అంటే ఎక్కువ సమయం తిన్న పదింటి జాబితా ఇస్తుంది. తరచుగా ఆ పది సరిచేస్తేనే సగం నిరీక్షణ తగ్గుతుంది.

ఏ వడపోతనైనా నమ్మేముందు దాన్ని నడపకుండా చూసుకునే వీలు ఉంది. పైటెస్ట్‌లో ‘--కలెక్ట్-ఓన్లీ’, గోలో ‘-లిస్ట్’, డాట్‌నెట్‌లో ‘--లిస్ట్-టెస్ట్స్’, గూగుల్ టెస్ట్‌లో ‘--జీటెస్ట్_లిస్ట్_టెస్ట్స్’ ఆ జాబితా చూపిస్తాయి. సర్వర్ స్క్రిప్టులో ఒక చిన్న కాపలా కూడా పెట్టుకోవచ్చు. నిన్న 1,200 పరీక్షలు నడిచి ఇవాళ 700 మాత్రమే నడిస్తే, అన్నీ పాసైనా సరే బిల్డ్ ఆగిపోవాలి. నిజంగానే 500 తీసేసి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఆ అంకె మార్చి, కారణం రాస్తారు. పెర్ల్ ప్రణాళిక చేసే పని కూడా ఇదే.

‘టెస్టులన్నీ పాసయ్యాయి’ అని ఎవరైనా చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. ఎన్ని నడిచాయి? ఎన్ని నడవలేదు? రెండో ప్రశ్నకు అంకెతో జవాబు వచ్చినప్పుడే మొదటిదానికి విలువ ఉంటుంది. టికెట్ రద్దు చేసుకున్న ప్రయాణికుడికి పచ్చగుర్తుతో పనిలేదు, తనకు రావాల్సిన 450 రూపాయలు వచ్చాయా లేదా అన్నదే ముఖ్యం. ఆ లెక్క చూసే పరీక్ష ఆ రోజు నడిచిందో లేదో తెలుసుకోవాల్సిన బాధ్యత మాత్రం కమాండ్ రాసినవారిదే.